గోడమీద పొట్ట

మేక పేగు చూసి మనిషి పేగు గీయొచ్చునని జగ్గారావు అన్నాడు. గీయకూడదని అసిరమ్మ అంది. ఈ మాట మీద మొగుడూ పెళ్లాం ఆదివారం పొద్దున్నే మటన్ కొట్టు వెనకాల, గోనెపరదా చాటున పేచీ పెట్టుకున్నారు.

“మేకకి నాలుగు గదుల పొట్ట. మనిషికి ఒకటే గది. మేకని గీసీసి మనిషంటే స్కూలు పిల్లలు నవ్వరేటి?” అంది అసిరమ్మ. చేతులు మాత్రం ఆగలేదు. ఎడమచేత్తో పేగు మొన పట్టుకుని, కుడిచేత్తో సన్నటి పుల్ల లోపలికి దూర్చి, లోపలిది బయటికి తిరగేస్తోంది. పక్కన బకెట్టులో వేణ్ణీళ్లు పొగలు కక్కుతున్నాయి. చోడవరంలో ఆదివారం బోటీ కావలసిన వాళ్లు చాలామంది. దాన్ని కడిగే చేతులు మాత్రం పదిహేడేళ్లుగా ఆ రెండే.

“పొట్ట కోసం కాదే, పేగు కోసం వచ్చేను. అంత పొడుగుది లోపల ఎలగ ముడుచుకుంటాదో సూపించు, సాలు.” జగ్గారావు మోకాళ్ల మీద కూర్చుని, పాత నోటుపుస్తకం తొడమీద పెట్టుకున్నాడు. అరవయ్యేళ్ల మనిషి. చెవి వెనకాల పెన్సిలు, గోళ్లలో ఏ సబ్బుకీ లొంగని రంగు.

అసిరమ్మ ఇంకా కడగని పేగు ఒకటి తీసి మొన అతని చేతికిచ్చింది. “పట్టుకో. నేను లాగుతాను.” లాక్కుంటూ పరదా దాటి, కొట్టు పక్క సందు దాటి, రోడ్డు మీదికి పోయింది. చెరుకు ట్రాక్టరువాడు హారను కొట్టాడు. “ఉండవోయ్, సదువుకుంటన్నాం!” అని వాణ్ణి కేకేసింది.

“ఓర్నాయనో! ఇంత తాడు ఇంత పొట్టలోనా?” అన్నాడు జగ్గారావు.

“ఇదిగో ఈ పల్చటి గుడ్డలాంటిది సూడు. నూనె మరకలు పడ్డ జాకెట్టు ముక్కలాగ లేదూ? దీనికి అంచులాగ కుట్టీసి ఉంటాది పేగు. సీర కుచ్చిళ్లు బొడ్డు దగ్గర దోపుకుంటాం సూడు, అలగ. లేపోతే నువ్వు నాలుగడుగులు పరిగెడితే పేగులన్నీ ముడిపడిపోవా?”

జగ్గారావు గబగబా గీసుకున్నాడు. పిల్లల పుస్తకాల్లో పేగుని జిలేబీ చుట్టలా వేసి ఊరుకుంటారు. కుచ్చిళ్లు! ఇంతకాలం ఈ మనిషితో కాపురం చేస్తూ ఈ సంగతి అడగనే లేదే అనుకున్నాడు.

చివరికి ఆవిడ కార్జం చేతిలోకి తీసుకుంది. దానికి అంటుకుని ఉన్న ఆకుపచ్చటి చిన్న సంచిని బొటనవేలితో నెమ్మదిగా విడదీస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టింది. “సేదుకట్టు. ఇది సితికిందా, కార్జమంతా సేదు. పారబోసుకోడమే.” విడదీశాక ఊపిరి వదిలి మొగుడివైపు చూసింది. “నీ కార్జం కూడా ఇలగే ఉండీది. ఏటి సేసుకున్నావో సూడు.”

“ఇప్పుడెందుకే అది?” అని జగ్గారావు నోటుపుస్తకం మూశాడు.

ఇంతకీ ఈ పేగుల గోలంతా ఎందుకంటే, హైస్కూలు గోడ మీద మనిషి జీర్ణవ్యవస్థ బొమ్మ వెయ్యమని అతన్ని పిలిచారు. పిలిచింది సైన్సు మేడం సంధ్యారాణి. హెడ్మాస్టరు ఉదయ్‌కుమార్ గారు ఫ్లెక్సీ కొట్టించేద్దాం, గంటలో అయిపోతుందన్నారట. ‘ఫ్లెక్సీ ఎండకి ఏడాదిలో వెలిసిపోతుంది సార్, గోడమీద రంగు పదేళ్లుంటుంది, నేను చూసుకుంటాను’ అని ఆవిడ పూచీ పడింది. చోడవరంలో ఒకప్పుడు జగ్గారావు చెయ్యి పడని బోర్డు లేదు. ఫ్లెక్సీలొచ్చాక ఆ చెయ్యి గేట్లకి నంబర్లు వేసుకుంటూ బతుకుతోంది. పైగా ‘తాగుబోతు పెయింటరు’ అన్న పేరొకటి. తాగడం మానేసి పద్నాలుగు నెలలైనా ఆ పేరు మాత్రం మానలేదు. ఈ గోడ ఒక్కటీ నిలబడితే, చెయ్యీ బాగుంది, మనిషీ బాగున్నాడని ఊరు చూస్తుంది. అతనికి కావలసింది అదొక్కటే.

సోమవారం గోడ గోకాడు. బరక కాగితంతో రుద్దాడు, ప్రైమరు కొట్టాడు, ఆరేదాకా వేపచెట్టు కింద కూర్చున్నాడు. మధ్యాహ్నం సంధ్యారాణి వచ్చి నిలబడింది. ముప్పై దాటని పిల్ల. మాట్లాడుతుంటే చేతులూ మాట్లాడతాయి.

“నోట్లో ముద్ద పెట్టుకున్న దగ్గర్నుంచి మొదలండి జగ్గారావు గారూ. నోట్లోనే సగం పని. ఉమ్మి కలిస్తేనే అన్నం తియ్యగా మారుతుంది. ఆ తర్వాత గొట్టం, పొట్ట. పొట్టలో మూడు నాలుగు గంటలు చిలుకుతుంది. అక్కణ్నుంచి చిన్న పేగు. ఒంటికి పట్టేదంతా అక్కడే పడుతుంది. పెద్ద పేగులో నీళ్లు పీల్చుకోవడమే. ఈ పక్కన కాలేయం...”

“కార్జం” అన్నాడు జగ్గారావు.

“అదే. దానికి ఐదొందల పనులుంటాయండీ. మన ఒంట్లో దానంత ఓర్పు ఇంక దేనికీ లేదు. ముప్పాతిక వంతు పాడైపోయేదాకా నోరు విప్పదు.”

జగ్గారావు కుంచె కడుక్కుంటున్నాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న కుంచెని ఇంకో రెండుసార్లు కడిగాడు.

“నేను మూడు రోజులు అనకాపల్లి ట్రైనింగుకి వెళ్తున్నాను. శనివారం ఇన్‌స్పెక్షను. బొమ్మ ఫోనుకి పంపిస్తాను. మీ ఫోను...”

“నాది డొక్కు ఫోనమ్మా. మా ఆడదాని దగ్గర టచ్ ఫోనుంది. డ్వాక్రా మీటింగులకని కొంది. దానికి పంపండి.”

ఆ సాయంత్రం జగ్గారావు ఇంటికొచ్చేసరికి అసిరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. రోజూ ఉన్న తంతే.

“ఊదు.”

జగ్గారావు నోరు తెరిచి ఆవిడ ముక్కు మీద ఊదాడు. ఆవిడ కళ్లు మూసుకుని వాసన చూసింది. పేగు కడుక్కునే ఆడదాని ముక్కది, దాన్ని మోసం చెయ్యడం ఎవరి తరమూ కాదు. “పకోడీలు. టర్పెంటాయిలు. అంతే. రా” అని పక్కకి తప్పుకుంది. పద్నాలుగు నెలలుగా ఈ పరీక్ష పాసయితేనే ఆ ఇంట్లో కంచం పెడతారు. మొదట్లో అతనికి ఒళ్లు మండేది. ఇప్పుడైతే ఎప్పుడైనా ఆవిడ మీటింగుకెళ్లి గుమ్మంలో లేకపోతే కాళ్లు లోపలికి పోవు.

మంగళవారం పొద్దున్న పెళ్లాం ఫోను పట్టుకుని గోడ దగ్గరికెళ్లాడు. రంగుపొడి అద్దిన నూలుతాడు లాగి కొట్టి, గోడంతా గళ్లు వేసుకున్నాడు. ఫోనులో బొమ్మ తెరిచాడు. చూసి ఆగిపోయాడు.

బొమ్మలో కార్జం ఎడంపక్కనుంది.

ఫోను దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. ఎడంపక్కే. అతని చెయ్యి తనంతట తానే చొక్కా కిందికి పోయి కుడివైపు పక్కటెముక కింద ఆగింది. అక్కడే. కిందటేడు డాక్టరు మూడు వేళ్లు పెట్టి ‘ఊపిరి పీల్చు’ అన్నది అక్కడే. పీల్చగానే రాయిలాంటిదేదో వచ్చి ఆ వేళ్లకి తగిలింది. తగిలినట్టు డాక్టరుకీ తెలిసింది, అతనికీ తెలిసింది. ఒంట్లో ఇంకేది ఎక్కడుందో తెలియదుగానీ, ఆ ఒక్కటి ఎక్కడుందో జగ్గారావుకి ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు.

మరి బొమ్మ ఎందుకిలా ఉంది? కాసేపటికి తట్టింది. ఈ ఫోనింతే! పోయిన నెల కిరాణా కొట్టుకి బోర్డు రాస్తే, దాని ముందు నిలబడి అసిరమ్మ తీసుకున్న సెల్ఫీలో అక్షరాలన్నీ తిరగబడి వచ్చాయి. అప్పుడు అతనికి కోపం కూడా వచ్చింది. ‘నా అక్షరాలు ఇలగ తగలెట్టిందేటే ఈ ఫోను’ అన్నాడు. ఇప్పుడు మేడం గారి బొమ్మని కూడా తిరగేసింది కాబోలు.

అయినా సరే, ఒక మాట అడుగుదామని తన డొక్కు ఫోనులోంచి మటన్ కొట్టుకి ఫోను చేసి అసిరమ్మని పిలిపించాడు.

“ఒసే, కార్జం కుడేపేనా?”

“నీ కార్జం ఎక్కడుందో నన్నడుగుతావేటి? ఆసుపత్రిలో నీ పక్కన కూకున్నాను. కుడేపే. ఫోను పెట్టీ, నీళ్లు మరుగుతన్నాయి.”

అంతే. జగ్గారావు బొమ్మని మొత్తం తిరగేసి గీశాడు. తిరగేయడం అతనికి మంచినీళ్లు తాగినంత తేలిక. కిళ్లీకొట్ల అద్దాల మీద వెనకనుంచి రాసిన చెయ్యి అది. వెనకనుంచి రాయాలంటే ప్రతి అక్షరాన్నీ తిరగేసి, ముందు మెరుపులు, తర్వాత రంగు, ఆఖర్న నేపథ్యం వెయ్యాలి. అలా రాయగలిగిన వాళ్లు చోడవరం, బుచ్చయ్యపేట, చీడికాడ అంతా గాలించినా ఇప్పుడు ముగ్గురుండరు.

బుధ, గురువారాలు అతను తిండి మీద కూడా ధ్యాస లేకుండా పనిచేశాడు. కార్జానికి ఇటుక రంగులో కాస్త నలుపు కలిపాడు. దాని కింద చేదుకట్టుకి ఆకుపచ్చ. పొట్టకి గులాబీ రంగు. పొట్ట వెనకాల అణిగిమణిగి ఉండే క్లోమానికి పసుపు. చిన్న పేగుని కుచ్చిళ్లు కుచ్చిళ్లుగా, ఒక్కో మడత కింద నీడ ఇచ్చి వేశాడు. పక్కన గుండ్రటి అక్షరాలతో పేర్లు రాశాడు. మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టాక పిల్లలు కంచాలతో వచ్చి నిలబడి, ముద్ద మింగి, అది ఎక్కడిదాకా వెళ్లిందో వేలితో బొమ్మ మీద చూపించుకునేవారు. “తడి రంగు, ముట్టుకోకండే గుంటల్లారా!” అని కసిరేవాడుగానీ, అతనికి లోపల పండగ్గానే ఉండేది.

శుక్రవారం పొద్దున్న సంధ్యారాణి బస్సు దిగి నేరుగా గోడ దగ్గరికొచ్చింది. దూరాన్నుంచి నవ్వుతూ వచ్చిన మనిషి దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది.

“జగ్గారావు గారూ... ఇది... కాలేయం ఇటెందుకుంది?”

“కుడేపు కదమ్మా?”

“కుడివైపే. బొమ్మలో మనిషికి కుడివైపు. ఆ మనిషి మనకి ఎదురుగా నిలబడ్డాడు కదా. అతని కుడి మనకి ఎడమవుతుంది. అయ్యో, అన్నీ తిరగబడిపోయాయి.”

జగ్గారావుకి అప్పుడర్థమైంది. బొమ్మని తిరగేసింది ఫోను కాదు, తనే. చెప్పబోయేలోగా వెనకనుంచి యాలకుల వాసన వచ్చింది. హెడ్మాస్టరు ఉదయ్‌కుమార్ గారు. ఆయన నోట్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా యాలక్కాయ నలుగుతూనే ఉంటుంది. బొమ్మని చూశారు, ఎనిమిదో తరగతి పుస్తకం తెప్పించి పక్కన పెట్టి చూశారు.

“తల కిందికీ కాళ్లు పైకీ పెట్టలేదు, సంతోషం. ఎన్ని వేసుకుని వేశావోయ్ ఈ బొమ్మ?”

చుట్టూ ఉన్న పిల్లలు కిసుక్కున నవ్వారు.

“లేదు సార్. తాగి పద్నాలుగు నెల్లయింది. ఆ ఫోను తిరగేస్తాది సార్, అందుకని నేను...”

“ఓహో. అయితే ఫోను తాగిందంటావు.”

ఈసారి పిల్లలు గట్టిగానే నవ్వారు. హెడ్మాస్టరు గారు మేడంవైపు తిరిగారు. “నేను చెప్తూనే ఉన్నాను. పూచీ మీదేనన్నారు. రేపు పదిగంటలకి ఆఫీసరు గారొస్తారు. ఆ లోపల దీనిమీద సున్నం కొట్టించండి. ఫ్లెక్సీ నేను చెప్తాను.”

ఆయన వెళ్లాక సంధ్యారాణి దగ్గరకొచ్చింది. పిల్లల్ని క్లాసులకి తోలేసింది. గొంతు బాగా తగ్గించి, మెత్తగా అడిగింది. “నాతో చెప్పండి జగ్గారావు గారూ. పరవాలేదు. నేనేమీ అనుకోను.”

హెడ్మాస్టరు అన్నదాన్ని అతను భరించాడు. ఈ ‘పరవాలేదు’ మాత్రం తిన్నగా ఎక్కడో దిగింది. తన చెయ్యిని నమ్మిన ఒక్క మనిషి కూడా, పాపం మెత్తగానే, తాగే ఉంటాడని నమ్మేసింది.

“లేదమ్మా” అన్నాడు. రంగు డబ్బాల మూతలు ఒక్కొక్కటే బిగించి, రేపు పొద్దున్నే వచ్చి సున్నం కొడతానని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం దారిలో బెల్టుషాపు ఉంది. జగ్గారావు దానిముందు నిలబడ్డాడు. ఎలాగూ తాగాడనే అన్నారు. తాగకుండా పడే నింద తాగి పడితే పోయె కదా! లోపలివాడు గుర్తుపట్టి “ఏటి మావా, కనబళ్లేదీమధ్య?” అన్నాడు కూడా. జగ్గారావుకి గుమ్మానికి అడ్డంగా నిలబడే మనిషి గుర్తొచ్చింది. ఆ ముక్కు గుర్తొచ్చింది. కాళ్లీడ్చుకుంటూ ఇంటికి నడిచాడు.

ఇంటికైతే వచ్చాడుగానీ గుమ్మం ఎక్కలేదు. వాకిట్లోనే డబ్బాలు దించి, గోడకేసి తిరిగి నిలబడ్డాడు. అసిరమ్మ గుమ్మంలోంచి చూసింది. గుమ్మం ఎక్కకుండా నిలబడ్డాడంటే ఏమిటో ఆవిడకి తెలుసు. ఆవిడ మొహంలో రక్తం లేదు.

“ఇలగొచ్చి ఊదు” అంది.

అతను కదల్లేదు. ఆవిడే మెట్లు దిగొచ్చి, అతని గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పింది. “ఊదమన్నానా?”

ఊదాడు. ఆవిడ కళ్లు మూసుకుని ఒకసారి చూసింది. నమ్మకం కుదరక ఇంకోసారి ఊదించింది.

“ఏటీ లేదు కదయ్యా! మరెందుకు ఏడుస్తన్నావు?”

అప్పుడు చెప్పాడు. కార్జం దగ్గర్నుంచి ‘పరవాలేదు’ దాకా అంతా చెప్పాడు. అసిరమ్మ వింటున్నంతసేపూ కొంగు నడుముకి బిగిస్తూనే ఉంది. “ఎవడాడు నిన్ను తాగేవన్నోడు? నేను కాదా సెప్పాల్సింది? నీ నోరు రోజూ సూసిందాన్ని నేను. కుడేపని సెప్పిందీ నేనే. రేపు నేనూ వస్తన్నాను.”

“వచ్చి ఏటి సేస్తావే? సున్నం కొట్టాలంతే.”

“సున్నం కొట్టేముందు నీ బొమ్మ నేనొకసారి సూడొద్దేటి? పేగు సూపించింది ఎవరు?”

శనివారం తెల్లారి ఆరుగంటలకి ఇద్దరూ స్కూలు గేటు తీయించుకుని లోపలికెళ్లారు. జగ్గారావు బకెట్టులో సున్నం కలిపి, బురుసు ముంచి, గోడవైపు చూడకుండా నిలబడ్డాడు. చూస్తే చెయ్యి లేవదని భయం.

అసిరమ్మ గోడముందుకి వెళ్లింది. అంత పెద్ద బొమ్మ ఉంటుందని ఆవిడ అనుకోలేదు. మనిషెత్తు. మొహం దగ్గర మొహం, నడుం దగ్గర నడుం. “ఓలమ్మో” అంది చిన్నగా. “కుచ్చిళ్లు అచ్చంగా ఏసేవు కదయ్యా.” మెడ దగ్గర్నుంచి గొట్టం వెంట వేలు పోనిస్తూ కిందికొచ్చింది. తర్వాత కుడిచెయ్యి బొమ్మ కార్జం మీద పెట్టి, ఎడమచెయ్యి తన కుడి పక్కటెముక కింద పెట్టుకుంది.

“బాగానే ఉంది కదా! నాకు కుడేపు, దీనికీ ఈయేపే. తప్పేటున్నాది ఇందులో?” అని, ఎందుకో బొట్టు చెదిరిందేమో అన్నట్టు బొమ్మ మొహంలోకి చూస్తూ నుదుటిమీద వేలితో సర్దుకుంది. ఇంట్లో రోజూ అద్దంలో చూస్తూ సర్దుకున్నట్టే.

జగ్గారావు చేతిలో బురుసు బకెట్టులోకి జారిపోయింది.

“ఉండు. అలగే ఉండు, కదలకు.”

“ఏటయ్యింది?”

“అద్దం! ఒసే, ఇది మనిషి కాదే, అద్దం! ఎదురుగా నిలబడ్డోడు ఎవడో కాదు, మనమే.” నలభయ్యేళ్లు అద్దాల మీద రాసినవాడికి ఆ మాట తట్టడానికి ఆవిడ బొట్టు కావలసొచ్చింది. డబ్బాల మూతలు ఊడబెరికాడు. టేకు రంగు కలిపి బొమ్మ చుట్టూ మంగలికొట్టు అద్దాలకుండే వెడల్పాటి చట్రం లాగాడు. చట్రానికి నగిషీ, పైన మేకు, మేకుకి వేలాడే తాడు. ఒక మూల వెలుతురు తగిలినట్టు ఏటవాలుగా రెండు తెల్లటి గీతలు. అసిరమ్మ డబ్బాలు అందిస్తూ, కారిన రంగు కొంగుతో తుడుస్తూ, మధ్యమధ్య “మేకు వంకరగా ఉంది” అని వంకలు పెట్టింది.

కింద తన గుండ్రటి అక్షరాలతో రాశాడు. ‘ఇది అద్దం. ఎదురుగా నిలబడి నీ పొట్ట నువ్వు చూసుకో. పుస్తకంలో బొమ్మ నీకు ఎదురుగా నిలబడ్డ మనిషిది. అతని కుడి నీకు ఎడమ.’

ఎనిమిదిన్నరకి సంధ్యారాణి వచ్చింది. తెల్లటి గోడ చూస్తాననుకుని వచ్చిన మనిషి. చదివింది. చేతిసంచి కిందపెట్టి, అద్దం ముందు నిలబడి, తన కుడి పక్కటెముక కింద చెయ్యి పెట్టుకుని చూసింది.

“ఏటా సగంమంది పరీక్షలో తప్పు రాసేది ఇదొక్కటేనండీ” అంది. “ఎలా చెప్పినా ఎక్కదు వాళ్లకి.” తర్వాత అతనివైపు తిరిగి, “నిన్న నేనలా అడగకూడదు. నన్ను క్షమించండి” అంది.

“మీదేం తప్పులేదమ్మా” అన్నాడు జగ్గారావు. అసిరమ్మకి మాత్రం అంత తొందరగా వదిలే బుద్ధి లేదు. “నా మొగుడు తాగలేదమ్మా. రోజూ ఊదించుకుంటాను. ఈసారి అనుమానమొస్తే నన్నడగండి” అంది. సంధ్యారాణి తల వంచుకుని, అలాగేనమ్మా అంది.

పదయింది. ఆఫీసరు గారు రాలేదు. ఇంకేదో మీటింగు పడిందని, వచ్చేవారం వస్తారని ఫోనొచ్చింది. హెడ్మాస్టరు గారు ఆ కబురు చెప్పడానికి ఇవతలకొచ్చి గోడని చూశారు. సున్నం లేదు. పిల్లలు వరసకట్టి ఒక్కొక్కరే అద్దం ముందుకొచ్చి, పొట్ట తడుముకుని, పక్కకి తప్పుకుంటున్నారు. ఆయన కనుబొమలు ముడిచి రాసింది చదివారు. బెల్లు కొట్టడంతో పిల్లలు వెళ్లిపోయారు.

అసిరమ్మ ఆయన పక్కనుంచే డబ్బాలు కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్లింది. జగ్గారావు కింద కూర్చుని కుంచెలు తుడుచుకుంటున్నాడు. చూస్తే హెడ్మాస్టరు గారు అద్దం ముందు ఒక్కరే నిలబడి ఉన్నారు. కుడిచెయ్యి ఇస్త్రీ చొక్కా మీద పక్కటెముక కింద ఉంది.

“ఇక్కడేనా?”

“ఇంకొంచెం పైకి సార్. ఎముక అంచు కింద. గట్టిగా ఊపిరి పీల్చండి. బాగున్నోళ్లకి వేళ్లకి ఏటీ తగల్దు.”

ఆయన ఊపిరి పీల్చారు. వేళ్లు అక్కడే ఆగిపోయాయి. యాలక్కాయ నమిలే దవడ కూడా ఆగిపోయింది. ఇంకోసారి పీల్చారు.

“తగిల్తే?” అన్నారు. ఆ గొంతు నిన్నటిది కాదు.

జగ్గారావు లేచి నిలబడ్డాడు. నిన్న పిల్లల ముందు ఆయనన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. తిరిగి అనడానికి ఇంతకంటే మంచి అదను రాదు. అయినా ఆ వేళ్లు ఎక్కడ ఆగాయో, ఆగినప్పుడు కాళ్ల కింద నేల ఎలా ఉంటుందో ఈ ఆవరణలో అతనొక్కడికే తెలుసు.

“నాకూ అలగే తగిలింది సార్. ఆ బొమ్మ నేను ఫోను సూసి గియ్యలేదు, దీన్ని సూసే గీసేను.” తన పక్కటెముక మీద చెయ్యేసి చూపించాడు. “బయపడకండి. తొందరగా మానీస్తే అది మళ్లీ బాగుపడతాదంట. ఒంట్లో దానికొక్కదానికే ఆ గుణముందని డాక్టరుగారు సెప్పేరు. సోమవారం పొద్దున్న ఏటీ తినకుండా ఆసుపత్రికి రండి. నేనూ వస్తాను తోడు.”

హెడ్మాస్టరు గారు చెయ్యి తియ్యలేదు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, తలూపారు. కాసేపటికి, “చట్రం బాగా వచ్చింది జగ్గారావు గారూ” అన్నారు. ఆ ‘గారు’ అని ఆయన ఎప్పుడూ అనలేదు.

ఇంటికెళ్లే దారిలో అసిరమ్మ రెండు డబ్బాలు మోస్తూ, “ఏటంటాడు సారు?” అంది. జగ్గారావు చెప్పీ చెప్పనట్టు చెప్పాడు.

“ఆ ఏలక్కాయ వాసన రాగానే అనుకున్నాను. ఏలక్కాయ కింద ఇంకోటుంది. పాపం, ఆయన పెళ్లాం ఊదమనదు కాబోలు.”

“అందరికీ నీలాంటి పోలీసు దొరుకుతాదేటి?”

ఇంటికొచ్చారు. అసిరమ్మ ముందు గుమ్మం ఎక్కి, డబ్బాలు లోపల పెట్టి, వెనక్కి తిరిగి అడ్డంగా నిలబడింది.

“ఊదు.”

“ఒసే, తెల్లారిందగ్గర్నుంచీ నా పక్కనే ఉన్నావు కదే!”

“ఉంటే ఏటి? ఊదు.”

జగ్గారావు నవ్వుతూ నోరు తెరిచి ఊదాడు.